పదిహేడో నంబరు ఇల్లాలు

తలుపు తీసిన మనిషిని ముందుగా మంచినీళ్ళడగాలి. సర్వే అక్క తన కింద పనిచేసే ఆడవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. నీళ్ళిచ్చిన మనిషి జవాబులు కూడా ఇస్తుందని ఆవిడ నమ్మకం. పైగా ఆ ఇల్లాలు గ్లాసు తేవడానికి లోపలికెళ్ళి వచ్చేలోగా గుమ్మంలో ఎన్ని జతల చెప్పులున్నాయో, దండెం మీద ఎవరి బట్టలున్నాయో, స్నానాల గదిలోంచి ఏ సబ్బు వాసన వస్తోందో చూసేసుకుని సగం ఫారం కళ్ళతోనే నింపుకోవచ్చు. అందుకే ఆ సోమవారం పొద్దున ఆఫీసులో ఆవిణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఇప్పుడు పదిహేడో నంబరుతో మాట్లాడండక్కా, ఏం కావాలంటే అది అడగండి" అని కళ్ళజోడు అనగానే, ఆవిడ వేళ్ళు అలవాటు కొద్దీ అదే కొట్టాయి.

"అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?"

రెప్ప వేసేలోగా తెర మీద జవాబొచ్చింది. "అయ్యో, తప్పకుండా! రండి, కూర్చోండి. ఎండన పడి వచ్చినట్టున్నారు."

"ఇస్తానంది గానీ ఇవ్వలేదు," అంది సర్వే అక్క.

కళ్ళజోడు నవ్వింది. ఆఫీసులో డేటా చూసే అమ్మాయి ఆమె. చదువూ ఉంది, మర్యాదా ఉంది. ఇంతవరకూ ఒక్క ఇంటి తలుపు కూడా తట్టలేదు. కళ్ళజోడన్న పేరు ఇంటింటికీ తిరిగే ఫీల్డు ఆడవాళ్ళు పెట్టింది. వాళ్ళు ఎవర్నీ వదిలిపెట్టరు. మేనేజరుకి స్లయిడ్లాయన అని పెట్టారు, తెర మీద నాలుగు బొమ్మలు వెయ్యకుండా ఆయన గుడ్‌మార్నింగైనా చెప్పలేడని.

"ఇలాంటివాళ్ళు రెండొందలమంది ఉన్నారక్కా," అంది కళ్ళజోడు. "ఎవరూ నిజంగా లేరు. మీరు తెచ్చిన పాత ఫారాలన్నీ మిషను చదివి, వాటిలోంచి రెండొందలమంది ఇల్లాళ్ళని తయారుచేసింది. ప్రకటన తీసే ముందు వీళ్ళకి చూపిస్తే నచ్చిందో లేదో చెప్పేస్తారు. పదిహేడో నంబరావిడ మాత్రం మా స్టార్."

"ఎండన తిరిగే పని లేదు, మొహం మీద తలుపేసేవాళ్ళు లేరు. బాగానే ఉంది," అంటూ సర్వే అక్క మిగతా ప్రశ్నలు కూడా అడిగింది. ఇంట్లో ఎంతమంది, సబ్బు ఎవరు కొంటారు, ఎన్ని రోజులొస్తుంది. జవాబులన్నీ పద్ధతిగా ఉన్నాయి. పద్ధతిగా ఉండటమే ఆవిడకి నచ్చలేదు. నిజం మనిషైతే మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి పరిగెత్తాలి. చివరి ప్రశ్న ప్రతి ఫారంలోనూ ఉండేదే. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"కొత్త సబ్బు విప్పిన రోజు మాత్రం మొదటి స్నానం నాదే. ఆ ఒక్క రోజు ఇంట్లో ఎవర్నీ నా ముందు వెళ్ళనివ్వను."

సర్వే అక్క రెండుసార్లు చదివింది.

"బాగుంది కదూ?" అన్నాడు వెనకనుంచి స్లయిడ్లాయన. ఆయన ఎప్పుడొచ్చి నించున్నాడో ఆవిడ చూసుకోలేదు. "ఈ మాట మీదే సబ్బు ప్రకటన మొత్తం నడుస్తోంది. సినిమా తారలూ గీరలూ లేరు. ఫోన్లో వీడియోలు చేసే అమ్మాయిలు తమ సొంత మాటలా చెబుతారు. అలాగైతేనే జనం చూస్తున్నారని లెక్కలు చెబుతున్నాయి." కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "చూడండక్కా. ఈ నెలాఖరుతో ఇంటింటి సర్వే ఆపేద్దామనుకుంటున్నాం. మీ నలుగురు ఆడవాళ్ళకీ పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరాలు తయారుగా ఉన్నాయి. మీరు మాత్రం ఉంటారు, ఇక్కడే, నీడపట్టున. అయితే సబ్బు కంపెనీ పెద్దాయనకి మిషనంటే ఇంకా గురి కుదర్లేదు. ఫీల్డులో ఇరవై ఏళ్ళు తిరిగిన మనిషి సంతకం కావాలంటున్నాడు. ఈ పదిహేడో నంబరు నిజం ఇల్లాలిలాగే మాట్లాడుతోందని మీరు రాసి సంతకం పెడితే చాలు. బుధవారానికి."

ఆవిడ చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్ళిపోయాడు. కాగితం కింద సంతకానికి గీత, గీత పైన రిమార్కులకని ఖాళీ గడి. సర్వే అక్క దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"అమ్మాయ్, ఆ స్నానం మాట ఈవిడకి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించగలవా?"

కళ్ళజోడు రెండు మూడు చోట్ల నొక్కింది. తెర మీద ఆరు పాత ఫారాల ఫోటోలు వరసగా విచ్చుకున్నాయి. ఏడాదికొకటి చొప్పున ఆరేళ్ళవి. ఆరింటి మీదా ఒకటే చిరునామా, మూడో అంతస్తు, చివరి తలుపు. ఆరింటిలోనూ ఒకటే దస్తూరీ. ఎవరిదో చూసుకోనక్కర్లేదు.

ఫీల్డులో దాన్ని మెట్ల ఫారం అంటారు. రోజుకి పది ఇళ్ళు చెయ్యాలి. తొమ్మిది అవుతాయి, పదోది తాళం. అప్పటికి సాయంత్రమవుతుంది, కాళ్ళు పీకుతుంటాయి. అప్పుడు ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని, అన్ని ప్రశ్నలకీ 'ఫర్వాలేదు' మీద టిక్కు పెట్టేసి లేచిపోతారు. అందరూ చేసేదే, ఎవరూ పైకి చెప్పనిదే. ఆ ఆరింటిలో మొదటిది రాసిన రోజు సర్వే అక్క కూడా చెప్పులు విప్పి, అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయింది. చివరి ప్రశ్న దగ్గర 'ఏమీ లేదు' అని రాయాలి. రాయలేదు. ఆ పొద్దున ఇంట్లో కొత్త సబ్బు విప్పారు. ఒకరి తరవాత ఒకరు వెళ్ళి, ఆవిడ వంతొచ్చేసరికి సబ్బు మెత్తబడిపోయి, ఎవరిదో వెంట్రుక అంటుకుని ఉంది. దాన్ని గోటితో గీకుతూ నించున్న సంగతి గుర్తొచ్చి, పెన్ను దాని మానాన అది రాసేసింది. మరుసటేడు అదే ఇంటికి మళ్ళీ వెళ్ళమన్నారు. మళ్ళీ తాళమే. మళ్ళీ రాసింది. తువ్వాలు గురించి ఒకేడు, తనకి నచ్చిన వాసన ఇంట్లో ఎవరికీ నచ్చకపోవడం గురించి ఇంకో ఏడు.

"వేలమంది చెప్పిన మాటలుండగా మిషను ఈవిడ మాటే ఎందుకు పట్టుకుంది?" అని అడిగింది.

"మిగతావాళ్ళు చివరి ప్రశ్నకి ఏమీ చెప్పలేదక్కా. ఇవిగో చూడండి." కళ్ళజోడు ఫారాలు పైకి జరుపుతూ పోయింది. ఏముంది చెప్పడానికి. ఏముందండీ చెప్పడానికి. ఖాళీ. ఏముంది చెప్పడానికి. "ప్రతి ఏడూ నోరు విప్పి ఇంత చెప్పింది ఈవిడొక్కతే. చాలా నిజాయితీ గల మనిషి."

సర్వే అక్కకి నవ్వు రాలేదు. బాత్రూంకి వెళ్ళి మొహం కడుక్కుని, ఆ రోజుకి పని అయిందనిపించుకుంది.

సాయంత్రం ఇంట్లో ఆవిడ బట్టలు మడతపెడుతుంటే కూతురు ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"అమ్మా, ఇది చూడు. ఎంత బాగా చెప్పిందో!"

ఫోన్లో ఒక చక్కటి అమ్మాయి తడి జుట్టుతో, కెమెరాలోకి చూస్తూ అంటోంది. "మా అమ్మ ఎప్పుడూ ఒక మాట అనేది. కొత్త సబ్బు విప్పిన రోజు మొదటి స్నానం నాదే అని..." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. కింద వేలమంది, మా అమ్మ కూడా ఇంతే, మా అమ్మ కూడా ఇంతే అని రాశారు.

"ఆ మాట నాదే," అంది సర్వే అక్క.

"అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా. అందుకే అంత వైరలయింది," అంది కూతురు ముద్దుగా, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆవిడ చేతిలో ఉన్న చొక్కాని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తన మాట తనదని సొంత కూతురికే నమ్మకం కలిగించలేనప్పుడు కంపెనీ పెద్దాయనకి ఏం చెబుతుంది? చాలా అలసటగా అనిపించింది.

మంగళవారం చెప్పులావిణ్ణి వెంటబెట్టుకుని ఆ భవనానికి బయల్దేరింది. చెప్పులావిడ ఆ నలుగురిలో పెద్దది. ఎప్పుడూ సంచిలో రెండో జత ఉంటుంది, దారిలో ఏ జత తెగినా పని ఆగకూడదని. దారి పొడుగునా సర్వే అక్క జరిగిందంతా చెప్పింది. ఉత్తరాల సంగతి కూడా దాచలేదు.

చెప్పులావిడ సంచి భుజం మార్చుకుంది. తరవాత, "మరిప్పుడు అక్కడికెందుకే?" అంది.

"ఆ తలుపు వెనక నిజంగా ఒక మనిషుంటుంది కదా! ఇన్నేళ్ళు ఆవిడ పేరున నేను వాగాను. ఇప్పుడైనా అడిగి, ఆవిడేమంటుందో అది రాస్తే, నా తప్పు నేను దిద్దుకున్నట్టుంటుంది. ఆవిడ మాట వేరేగా ఉంటే సంతకం పెట్టననడానికి ఒక కారణమైనా దొరుకుతుంది."

"నీ మాటే ఆవిడా అంటే?"

"అప్పుడు పెట్టేస్తాను," అంది సర్వే అక్క. ఆ జవాబుకి తనే భయపడింది.

మూడు అంతస్తులూ ఆగి ఆగి ఎక్కారు. చివరి తలుపుకి ఎప్పటిలాగే తాళం. తలుపు మీద నంబరుంది, గొళ్ళెం మెరుస్తోంది. అయినా తట్టింది. తట్టి, చెవి పెట్టి విని, మళ్ళీ తట్టింది. ఆ చప్పుడుకి కింద అంతస్తునుంచి భవనం ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని వచ్చింది.

"ఎవరు కావాలమ్మా?"

"ఇక్కడుండే ఆవిడ. పొద్దున్నే పనికెళ్ళిపోతారా?"

ఊడ్చే మనిషి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, నడుముకున్న తాళాల గుత్తి తీసి తలుపు తెరిచింది. లోపల రంగు డబ్బాలు, విరిగిన కుర్చీ, నాలుగు చీపుళ్ళు, బూజు. "ఇది సామాన్ల గదమ్మా. కట్టినప్పట్నుంచీ ఇంతే. రంగులేసినవాడు వరసపెట్టి అన్ని తలుపులకీ నంబర్లేసుకుంటూ పోయాడు. ఇక్కడ మనుషులెలా ఉంటారు? కుళాయైనా లేదు."

చెప్పులావిడ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. "కుళాయి లేని గదిలో మొదటి స్నానం నాదే అందటే నీ ఇల్లాలు!" అంటూ నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. సర్వే అక్కకి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ ఆ పాత మెట్టు మీదే పక్కపక్కన కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు తగ్గాక చెప్పులావిడ మెల్లగా అడిగింది.

"అయితే ఆ మాట పూర్తిగా నీదేనన్నమాట."

"నాదే."

"ఎప్పుడైనా చేశావా అలాగ? మొదటి స్నానం?"

సర్వే అక్క తల అడ్డంగా ఊపింది.

"సంతకం పెట్టెయ్యి. నువ్వు పెట్టకపోతే మా పని నిలుస్తుందా ఏంటి?" అంది చెప్పులావిడ, కాలి పట్టీ సవరించుకుంటూ. "ఒక్కదానివైనా నీడన కూర్చుంటావు." ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అందుకే అది సర్వే అక్కకి బాగా తగిలింది.

బుధవారం పొద్దున ఆవిడ లేచేసరికి స్నానాల గది ముందు ఎవరూ లేరు. రోజూ ఆ సమయానికి కాలేజీ అంటూ కూతురూ, బస్సు అంటూ భర్తా తలుపు దగ్గర తోసుకుంటూ ఉంటారు. ఇవాళ ఇద్దరూ బుద్ధిమంతుల్లా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కూతురు నవ్వుతూ ఒక కొత్త సబ్బు చేతిలో పెట్టింది. తడి జుట్టు అమ్మాయి చూపించిన సబ్బే.

"ఇవాళ మొదటి స్నానం నీదేనమ్మా!"

"వెళ్ళు, వెళ్ళు. ఎంతసేపైనా ఫర్వాలేదు," అన్నాడు భర్త గడియారం వంక చూసుకుంటూ.

ఆవిడ లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. సబ్బు మీది కాగితం విప్పింది. సబ్బు అంచులు పదునుగా, అచ్చులోంచి తీసినట్టే ఉన్నాయి. కాగితం మీద తన మాటే రంగు అక్షరాల్లో ఉంది. బయట ఇద్దరూ ఎదురుచూస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఎవరూ తలుపు కొట్టడం లేదు. కొడితే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళు కోరుకున్నది చేతికొస్తే ఇలా ఉంటుందా? తను ఊసుపోక రాసుకున్న నాలుగు ముక్కలు, ఊరంతా తిరిగి, కొనుక్కుంటే గానీ ఇంట్లోకి రాలేదు. రెండు చెంబులు పోసుకుని, పాత సబ్బు ముక్కతోనే కానిచ్చి, కొత్తదాన్ని పొడిగా గూట్లో పెట్టి వచ్చేసింది. తల తుడుచుకుంటూనే సంచిలోంచి స్లయిడ్లాయన ఇచ్చిన కాగితం తీసి, అట్ట మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

ఆఫీసులో స్లయిడ్లాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. సంతకపు గీత ఖాళీగా ఉంది. రిమార్కుల గడిలో మాత్రం ఆవిడ గుండ్రటి దస్తూరీ అంచులదాకా నిండి ఉంది. 'పదిహేడో నంబరు చిరునామా సామాన్ల గది. అక్కడ ఎవరూ ఉండరు. ఆరు ఫారాలూ నేను మెట్ల మీద కూర్చుని సొంతంగా రాసినవి. తప్పు నాది. నా కింది నలుగురికీ దీనితో సంబంధం లేదు. నిజం మనుషులు చివరి ప్రశ్నకి జవాబివ్వలేదు. వాళ్ళ దగ్గర ఇంకాసేపు కూర్చుని మళ్ళీ అడగాలి.'

కోప్పడతాడనుకుంది. ఆయన మొహం విప్పారింది.

"ఆ మాట మీరు రాశారా అక్కా? మీరే? ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎండలో తిప్పాం చూడండి, మాదీ తప్పు!" కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇలాంటివాళ్ళని ఇంకో యాభైమందిని రాసిపెట్టండి. మెట్లెక్కక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఏసీలో కూర్చుని మీకు తోచింది రాయండి, మిగతాది మిషను చూసుకుంటుంది. ఈ కాగితం మనిద్దరి మధ్యే ఉంటుంది. ఇంకో కాగితమిస్తాను, దాని మీద సంతకం పెట్టెయ్యండి."

ఒక్క క్షణం ఆశపడలేదంటే అబద్ధం. ఇరవై ఏళ్ళలో, రాసింది బాగుందని ఆవిడతో అన్న మొదటి మనిషి ఆయన. మోకాళ్ళు కూడా ఒప్పుకోమన్నాయి.

"క్లయింటు కాపీ సబ్బు కంపెనీ ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను సార్," అంది నెమ్మదిగా.

"ఏ కాపీ?"

"ఫీల్డు కాగితం ఏదైనా మూడు కాపీలు రాస్తాం కదా, కార్బన్ పెట్టి. మీకొకటి, వాళ్ళకొకటి, నాకొకటి. వాళ్ళది దారిలోనే ఇచ్చేస్తాను. ఇరవై ఏళ్ళుగా అంతేగా సార్. ముద్ర కూడా వేయించుకున్నాను." సంచిలోంచి తన కాపీ తీసి బల్ల మీద పెట్టింది.

స్లయిడ్లాయన దాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని గబగబా బయటికి నడిచాడు. ఆ కాగితం చూశాక పెద్దాయన మిషనుని నమ్మడు కాబట్టి నలుగురి ఉత్తరాలూ ఈ నెలకి ఆగుతాయి. వచ్చే నెల సంగతి ఎవరికీ తెలియదు. తన ఉత్తరం మాత్రం సాయంత్రానికల్లా తయారవుతుందని ఆవిడకి తెలుసు. భయం వేసింది. దాంతోపాటు ఒంట్లో బరువేదో దిగినట్టూ ఉంది.

సొరుగులోంచి తన అట్టా, పెన్నులూ సర్దుకుంటుంటే కళ్ళజోడు వచ్చింది. చేతిలో ఒక ఖాళీ ఫారం ఉంది. ఎక్కడ నించోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ కదిలి, చివరికి ఎదురుగా కూర్చుంది.

"అక్కా," అంది మొహమాటంగా, "కాసిని మంచినీళ్ళిస్తారా?"

సర్వే అక్క ఆమె మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు. లేచి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి మొత్తం తాగేసి, ఫారం అట్ట మీద పెట్టుకుని మొదటినుంచీ అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎంతమంది. సబ్బు ఎవరు కొంటారు. ఎన్ని రోజులొస్తుంది. సర్వే అక్క అన్నిటికీ చెప్పింది. ఒక మనిషి తన వంక చూస్తూ, తను చెప్పింది రాసుకుంటూ కూర్చోవడం ఆవిడకి కొత్తగా, కాస్త ఇబ్బందిగా ఉంది. చివరి ప్రశ్న వచ్చింది.

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అక్కా?"

"ఏముందమ్మా చెప్పడానికి," అంది సర్వే అక్క.

కళ్ళజోడు తలూపి అదే రాసుకుంది. ఆ అక్షరాలు ఇటునుంచి తలకిందులుగా కనిపించాయి. అయినా ఆవిడకి చదవడం కష్టం కాలేదు. వేల ఫారాల మీద తన చేత్తో తనే రాసిన మాట అది, ఒక్కరి దగ్గరా ఇంకో నిమిషం ఆగకుండా, రాసి లేచిపోయిన మాట. కళ్ళజోడు పెన్నుకి మూత పెట్టి లేవబోయింది.

"అప్పుడే లేవకూడదు," అంది సర్వే అక్క. "కూర్చో. అది కొట్టెయ్యి."

కళ్ళజోడు కూర్చుంది. ఆ రెండు మాటల మీదా అడ్డంగా గీత గీసింది. "దీన్ని మిషన్లో ఎక్కించను అక్కా," అంది.

సర్వే అక్క సంచి కింద పెట్టింది. కాసేపు తన చేతులవంక చూసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు.

"నేను చెప్పాల్సింది సబ్బు సంగతి కాదమ్మా," అంది చివరికి. "రాసుకో."